గడ్డి మొలవని జాగ

జూబ్లీహిల్స్‌లో ఆ వీధివాళ్ళందరికీ మాలి బాలమణి తెలుసు. లాన్‌లో అడుగు పెట్టే ముందు వంగి, గడ్డిని కుడిచేత్తో తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకునేది. పొద్దున పనిలోకి దిగేటప్పుడు, మధ్యాహ్నం అన్నం తిని వచ్చాక, కొడవలి మరిచిపోయి వెనక్కి వెళ్ళొస్తే మళ్ళీ ఇంకోసారి. సినిమావాళ్ళకు ఇది భలే నచ్చేది. కొబ్బరికాయ కొట్టందే కెమెరా కదిలించని జనం కదా, ఆమెది కూడా అలాంటి భక్తే అనుకున్నారు. "పనంటే అట్లా ఉండాలి" అని తమ ఇళ్ళల్లో పనివాళ్ళకు ఆమెను చూపించి మరీ చెప్పేవాళ్ళు. చెప్పడానికేం, సొమ్మేం పోతుంది? ఎందుకమ్మా అలా చేస్తావని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు.

అడిగినా ఆమె చెప్పేది కాదనుకోండి.

బాలమణి, ఆమె మొగుడు ఓదెలు కరీంనగర్ వైపు మనుషులు. వానలు మొహం చాటేసి, కౌలుకు చేస్తున్న చెలక బీడుపడ్డ ఏడు మూటాముల్లె సర్దుకుని పట్నం వచ్చారు. ఓదెలు ముందు బండలు కొట్టే పనిలో కుదిరాడు. అప్పటికి జూబ్లీహిల్స్ అంటే ఇప్పుడు మీరు కార్లలో తిరిగే జూబ్లీహిల్స్ కాదు. ఎటు చూసినా బండలు, బండల మధ్య సీతాఫలం పొదలు, ఆ పొదల్లో నక్కలు. పొద్దుగూకాక యూసుఫ్‌గూడ దాటి ఇటు రమ్మంటే రిక్షావాడు మొహం అటు తిప్పుకునేవాడు. ఫిలింనగర్ అన్న పేరే ఇంకా పుట్టలేదు.

వేంకటరమణ గారని సినిమాలకు మాటలు రాసే ఆయన, మద్రాసులో ఉంటూనే ఇక్కడ ఒక జాగా కొన్నాడు. దానికి కాపలా కోసం ఓదెలును పెట్టుకున్నాడు. బండలకు కాపలా ఏమిటని నవ్వుకోకండి, తెల్లవారేసరికి హద్దురాళ్ళు పక్కవాడి వైపు నుంచి మన వైపుకు నడిచొచ్చే రోజులవి. జాగా ముందు వైపు నాలుగు రేకులు నిలబెట్టుకుని ఆలుమగలు అందులో కాపురం పెట్టారు. ఆ రేకుల కిందే వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. ఊళ్ళో అమ్మవారి పేరు కలిసివచ్చేలా పోశవ్వ అని పిలుచుకున్నారు.

పోశవ్వ పాకడం మొదలుపెట్టినప్పటి నుంచి బాలమణికి ఆ నేల మీద కోపం. ఎర్రటి మొరం, గాజుపెంకుల్లా గుచ్చుకునే గులకరాళ్ళు. పిల్ల రెండు బారలు పాకేసరికి మోకాళ్ళు ఎర్రగా దోక్కుపోయేవి. ఏడవదు, ఆగదు, నెత్తురు కారుతున్నా పాకుతూనే ఉంటుంది. బాలమణి గోనెసంచులు పరిచేది. పిల్ల వాటిని దాటుకుని మళ్ళీ మొరం మీదికే పోయేది.

"పిడికెడు గడ్డి మొలిస్తే ఏమాయె ఈ నేలకు" అని తిట్టుకునేది బాలమణి, పిల్ల మోకాళ్ళకు పసుపు అద్దుతూ.

ఎమర్జెన్సీ రోజుల నాటి ఎండాకాలంలో పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఒక పూట చూశారు, తగ్గుతుందనుకున్నారు. తగ్గకపోయేసరికి ఎర్రగడ్డ ఆసుపత్రికి తీసుకుపోదామని ఎండలోనే బయల్దేరారు. రహమత్ నగర్ దిగువకు వచ్చేసరికి బాలమణి భుజం మీద పిల్ల బరువు మారిపోయింది. తల్లికి అది చెప్పనవసరం లేదు. అయినా ఇంకొంత దూరం నడిచింది, ఆగితే నిజమైపోతుందని. ఓదెలే ముందుకు వచ్చి చెయ్యి పట్టుకుని ఆపాడు. ఇద్దరూ వచ్చిన దారినే వెనక్కి తిరిగారు.

పాలు తాగే పిల్లల్ని కాల్చరు. ఊళ్ళోనయితే చెలక గట్టున ఏ తంగేడు చెట్టు పక్కనో పెట్టేవాళ్ళు. ఇక్కడ చెలకా లేదు, గట్టూ లేదు.

"గీడనే పెడదాం" అంది బాలమణి, జాగా వెనక మూలకు చెయ్యి చూపిస్తూ.

"మన జాగ గాదు గదనే" అన్నాడు ఓదెలు.

"మరి మన జాగ యాడుంది, చెప్పు, ఆడికే పోదాం."

ఓదెలు లేచాడు. గడ్డపార తీసుకుని వెనక మూలకు నడిచాడు. నేల దిగితే కదా. గడ్డపార వేసిన ప్రతిసారీ ఖణీమని లేస్తుంది, నిప్పురవ్వలు రాలుతాయి. బిందెడు నీళ్ళు పోసి నాననిచ్చి మళ్ళీ కొట్టాడు. బండలు కొట్టి కొట్టి కాయలు కాసిన చేతులు ఆ రోజు బొబ్బలెక్కాయి. మోకాటి లోతుకు పోయేసరికి కింద పరుపు బండ తగిలింది, పళ్ళెంలా నడుమ కాస్త గుంతపడి. ఇంకా లోతుకు పోవాలంటే మందుగుండు పెట్టాల్సిందే.

మోకాటి లోతు గుంత నక్కలకు ఒక లెక్కా అనిపించింది బాలమణికి. నక్కల కూతలు రోజూ వింటున్నదే కదా. మట్టిలో పెట్టేటప్పుడు పిడికెడు ఉప్పు వేయడం వాళ్ళ వాళ్ళలో ఉన్న పద్ధతే. బాలమణి పిడికెడుతో ఊరుకోలేదు. ఓదెలును యూసుఫ్‌గూడ దుకాణానికి పంపి దొడ్డుప్పు సగం సంచి తెప్పించింది.

"ఉప్పు ఎంత వోస్తే అంత మంచిది. నక్కలు ముట్టయి, పురుగు ముట్టది" అంది.

తన చేతులతోనే పోసింది. పాదాల దగ్గర మొదలుపెట్టి, పిల్ల కనిపించకుండా పోయేదాకా పోసింది. మొహం మీదికి వచ్చేసరికి కళ్ళు మూసుకుని పోసేసింది. పైన మొరం కప్పి, మొరం మీద బండరాళ్ళు పేర్చారు. పక్కనున్న సీతాఫలం పొదను గుర్తు పెట్టుకున్నారు. ఏటా ఎండాకాలంలో ఆ రోజున ఇన్ని పాలు తెచ్చి అక్కడ పోయడం తప్ప, పోశవ్వ పేరు ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు. ఆ తరవాత బాలమణి కడుపు పండలేదు.

కొన్నేళ్ళకు మద్రాసు నుంచి సినిమావాళ్ళు ఒక్కరొక్కరే హైదరాబాదుకు రావడం మొదలుపెట్టారు. వేంకటరమణ గారు కూడా ఇల్లు మొదలుపెడదామని సిద్ధాంతిని వెంటబెట్టుకుని వచ్చాడు. శంకుస్థాపనకు ముందు సిద్ధాంతి జాగా అంతా తిరిగి, "ఈ నేలలో శల్యాలేమైనా ఉన్నాయా? ఎముకలు, బూడిద లాంటివి? ఉంటే తవ్వి తీయించి శుద్ధి చేస్తేగాని ఇల్లు కట్టకూడదు" అన్నాడు.

అందరూ కాపలావాడి వైపు చూశారు.

"ఏం లెవ్వు సామీ. అంత బండనే" అన్నాడు ఓదెలు.

కలశానికి నీళ్ళు పట్టుకుని పక్కనే నిలబడ్డ బాలమణి చెంబులోకి చూస్తూ ఉండిపోయింది. అబద్ధమాడడం రాని మనిషి ఓదెలు. ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

ఇల్లు ముందు వైపు లేచింది, వాళ్ళ అదృష్టం కొద్దీ. వెనక మూల తోటకు వదిలారు. కడుతున్నన్నాళ్ళూ బాలమణి అక్కడే ఇటుకలు మోసింది. మేస్త్రీలు సున్నం తొట్టి ఆ మూలకు పెడదామంటే వంక చెప్పి ఇవతలికి జరిపించింది. అయినా పొదలన్నీ నరికేసినప్పుడు సీతాఫలం కూడా పోయింది. పేర్చిన బండరాళ్ళను ఎవడో పునాదిలోకి ఎత్తుకుపోయాడు. నేలను చదును చేశారు. బాలమణికి మాత్రం ఆ చోటు కళ్ళు మూసుకున్నా తెలుసు.

వేంకటరమణ గారి భార్య శకుంతలమ్మ. బాపట్ల దగ్గర వ్యవసాయం ఉన్న కుటుంబం నుంచి వచ్చిన మనిషి. మద్రాసులో తెలుగు బడిలో పాఠాలు చెప్పి చెప్పి, మాటలో కొంచెం బెత్తం మిగిలింది కానీ మనసు మంచిది. మొగుడు షూటింగులంటూ మద్రాసుకూ హైదరాబాదుకూ మధ్య తిరుగుతుంటే ఆవిడకు ఆ ఇంట్లో తోడు బాలమణే. వచ్చిన వారం రోజులు కాకముందే కొంగు దోపుకుని వెనక దొడ్లోకి దిగింది.

"ఇదేం నేలే బాలమణీ, పార దిగితే కదా! ఇక్కడంతా గడ్డి పెంచాలి. సాయంత్రం పూట కుర్చీలేసుకుని కూర్చోవాలి. నువ్వూ ఓదెలూ పట్టుకోండి, నేను చూసుకుంటా."

ఇల్లు కట్టినచోట నేల ఎలా ఉంటుందో కట్టించినవాళ్ళకు తెలుసు. పైన జానెడు మందం సిమెంటు పెళ్ళలు, ఇటుక ముక్కలు, మేకులు, తీగ ముక్కలు. దాని కింద మొరం. మొరం కింద బండ. శకుంతలమ్మ తొందరపడలేదు. ముందు చెత్తంతా ఏరించింది. ఓదెలు సాయంత్రం నేలను తడిపి, పొద్దున మెత్తబడ్డంత మేర గడ్డపారతో పెల్లగించేవాడు. బాలమణి దాన్ని జల్లెడ పట్టి, రాళ్ళు ఒక పక్కకు, మట్టి ఒక పక్కకు పోసేది. వేసవికి ఎండిన చెరువు ఒకటి చూసి అక్కడి నల్లమట్టి లారీలకెత్తించి తెప్పించారు. యూసుఫ్‌గూడ బర్రెల కొట్టాల నుంచి పెంట వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టు వేస్తే వేర్లు మాడిపోతాయని శకుంతలమ్మ కుప్ప పోయించి, మాగాక కలిపించింది. తొలకరికి జనుము చల్లి, పూతకు రాగానే కోసి మట్టిలోనే కలియదొక్కించింది. మట్టి పట్టుకుంటే చేతికి మెత్తగా తగిలేదాకా గడ్డి మాటెత్తనివ్వలేదు.

ఈ పనంతటిలోనూ బాలమణి ఒక్క చిన్న నాటకం ఆడింది. వెనక మూలకు వచ్చేసరికి ఓదెలును పంపించేసి, "ఈ కొస నేనే జేస్త" అనేది. గడ్డపార పక్కన పెట్టి, కలుపు తీసే తొళ్ళికతో పైపైన గీరి, నల్లమట్టి పరిచి ఊరుకునేది. జానెడు లోతు కూడా దిగలేదు.

వానలు పడ్డాక గరిక తుంపులు నాటారు. దీపావళికల్లా దొడ్డంతా పచ్చబడింది. చూడవచ్చిన సినిమావాళ్ళు చెప్పులు విడిచి నడిచారు. వెనక మూల మాత్రం, మనిషి కాళ్ళు ముడుచుకుని పడుకునేంత మేర, నాటిన గరిక నాటినట్టే పసుపుపచ్చబడి చచ్చింది. మళ్ళీ నాటారు. మళ్ళీ చచ్చింది. ఎండలు ముదిరాక ఆ చోట తెల్లగా పొడిలాంటిది పేరుకుంది.

బాలమణి ఆ పొడి చూసిన క్షణమే గుర్తుపట్టింది. కింద బండ పళ్ళెంలా ఉంది, నీరు ఇంకే దారి లేదు. తాను పోసిన ఉప్పు ఇన్నేళ్ళూ ఎక్కడికీ పోలేదు.

భయపడాల్సింది, కానీ ఆమెకు సంతోషమేసింది. అవును, సంతోషమే. పిల్ల ఫొటో ఒక్కటి లేదు. తొడిగిన గాజులు పిల్లతోపాటే పెట్టేశారు. గుర్తన్న సీతాఫలం పోయింది. ఇప్పుడు చూస్తే బిడ్డ తన చోటు తానే పట్టుకుని, పక్కనున్న పచ్చదనాన్నంతా అవతలికి నెట్టి, నేనిక్కడున్నానని చెబుతున్నట్టుంది. మధ్యాహ్నం అన్నం గిన్నె తెచ్చుకుని ఆ బోడినేల పక్కనే కూర్చుని తినేది. శకుంతలమ్మ ఎరువు వేయమంటే వేసినట్టు చేసి పక్కకు పోసేది. నీళ్ళు పెట్టమంటే గొట్టం అటు తిప్పినట్టే తిప్పి ఇటు మళ్ళించేది. అలా రెండు వేసవులు గడిపింది.

శకుంతలమ్మ ఎన్నాళ్ళు చూస్తుంది? "ఇంత చక్కటి లాన్‌లో ఈ బట్టతలేంటే" అని ఒక రోజు తానే వచ్చి కూర్చుంది. తెల్లపొడి వేలితో తీసి నాలుక మీద వేసుకుంది. మొహం చిట్లించింది.

"ఉప్పే. మా బాపట్ల వైపు ఉప్పు నేలలు ఇట్టాగే ఉంటాయి. అక్కడంటే సముద్రం ఉంది, సరే. ఈ కొండమీద ఉప్పెక్కణ్ణించి వచ్చిందే?"

ఆవిడ నాలుక మీద ఉన్నది ఏమిటో తెలిసిన బాలమణి పరుగున పోయి, పుక్కిలించమని చెంబెడు నీళ్ళు తెచ్చింది.

"మేస్త్రీలు ఏదో పారబోసుంటారు, వెధవలు" అని శకుంతలమ్మే జవాబు కూడా చెప్పుకుంది. "ఇంక పైపూతలు లాభంలేదు. నలుగురు మనుషుల్ని పిలిపిస్తా. మోకాటి లోతు తవ్వించేసి, ఆ మట్టంతా లారీలో పోయించి పంపేద్దాం. కొత్త మట్టి నింపుదాం."

మోకాటి లోతు. బాలమణి చెవుల్లో ఆ మాటే గింగురుమంది.

సాయంత్రం గేటు పక్కన తమకిచ్చిన గదిలో పొయ్యి దగ్గర కూర్చుని సంగతి మొగుడికి చెప్పింది. ఓదెలు బీడీ తీశాడు గానీ వెలిగించలేదు.

"ఇంక ఏముంటదే ఆడ? పసిపిల్ల బొక్కలు. ఎప్పుడో మన్నయిపోయింటది" అన్నాడు.

"మన్నయితే ఆ మన్ను యాడికి తీస్కపోతరు?"

"ఏదో గుంతల పోస్తరు."

"అవ్. ఏదో గుంతల" అంది బాలమణి. "నేను చూస్త ఉండాలె. లారీకి గంపలు గూడ నన్నే ఎత్తుమంటరు."

"అమ్మకు చెప్దామా మరి?"

"చెప్పినంక? అయ్యగారికి చెప్పదా? అయ్యగారు సిద్ధాంతిని పిలువడా? అప్పుడు నక్కల్లెక్క తవ్వి బొక్కలు ఏరిపిస్తరు."

ఓదెలు బీడీ పక్కన పడేశాడు. సిద్ధాంతి ముందు తానాడిన అబద్ధం ఇన్నేళ్ళ తరవాత తన మీదికే వచ్చి కూర్చుంది. ఆ రాత్రి ఇద్దరూ అన్నం వండుకున్నారు గానీ తినలేదు.

తెల్లారి బాలమణి శకుంతలమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"తవ్వుడొద్దమ్మా. గరిక వేర్లన్ని ఖరాబైతయి. నీళ్ళు వెట్టి కడుగుత. ఉప్పంత పోయేదాక కడుగుత."

"నీళ్ళు బయటికి పోయే దారి లేకపోతే ఎంత కడిగినా ఏం లాభమే? మావాళ్ళు ఉప్పు నేలకు చుట్టూ కట్ట వేసి, నీళ్ళు నింపి, ఓ పక్క కాలువ తీసి బయటికి వదిలేస్తారు. ఆ తరవాత ఎరువుకని జీలుగ విత్తనాలు చల్లి, ఎదిగాక దున్నేస్తారు. ఇక్కడ అడుగున బండ."

"దారి ఓదెలు తీస్తడు."

శకుంతలమ్మ ఆమెను ఒక్క క్షణం వింతగా చూసింది. రెండు వేసవులుగా ఆ మూల పట్టనట్టు తిరిగిన మనిషికి ఇంత పట్టుదల ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకు అంతుపట్టలేదు.

"సరే, నీ ఇష్టం. దసరా దాకా చూస్తా. అప్పటికీ గడ్డి రాకపోతే మాత్రం మనుషుల్ని పిలిచేస్తా. మళ్ళీ ఏడుపు మొహం పెట్టకూడదు."

బాలమణి సరేనని లేచింది. లేచి రెండడుగులు వేసిందో లేదో, తాను ఒప్పుకున్నది ఏమిటో అర్థమైంది. గడ్డి మొలవకపోతే పిల్లను ఎత్తుకుపోతారు. మొలిస్తే పిల్ల ఉంటుంది, గుర్తు పోతుంది. ఇంతకాలం కడుపులో పెట్టి చూసుకున్న ఆ బోడినేలను ఇక తన చేతులతోనే లేకుండా చెయ్యాలి. ఎవరికి రావాలండీ ఇలాంటి పని? స్నానాల గది వెనక్కి పోయి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. మొహం కడుక్కుని వచ్చి, ఓదెలును పిలిచింది.

ఓదెలు పాత సుత్తి, ఉలి బయటికి తీశాడు. పిల్ల ఉన్న వైపు నుంచి కాకుండా ప్రహరీ గోడ వైపు పల్లం నుంచి మొదలుపెట్టాడు. మట్టి కొద్దికొద్దిగా తీసి, పరుపు బండ అంచును పట్టుకుని, చెయ్యి పట్టేంత సన్నటి కాలువ చెక్కుతూ పోయాడు. పెద్ద దెబ్బ ఒక్కటీ కొట్టలేదు. అదురు తగులుతుందేమోనని ఉలికి గుడ్డ చుట్టుకున్నాడు. పిల్ల ఉన్న గుంత అంచుకు వచ్చాక ఆగి, బాలమణి మొహం చూశాడు. ఆమె తల ఊపింది. చివరి పెచ్చు లేచాక అతను సుత్తి అక్కడే వదిలేసి గబగబా వెళ్ళిపోయాడు. కాలువ నిండా కంకర నింపే పని బాలమణే చేసింది.

అప్పటినుంచి రోజూ నీళ్ళు. గొట్టంతో పట్టడానికి మనసొప్పలేదు. చెంబుతోనే పోసింది. పసిపిల్లను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని నీళ్ళు పోసినట్టు, వీపున చెయ్యి అడ్డం పెట్టి పోసినట్టు, నేల మీద ఒక చెయ్యి ఆనించి ఆ చేతి మీదుగా పోసేది. సంపు ఖాళీ అవుతోందని శకుంతలమ్మ గొణిగేది. కాసేపటికి గోడ పక్కన కాలువ మొన దగ్గర నీరు ఊరి బయటికి వచ్చేది. బాలమణి వేలు ముంచి నాలుకకు తగిలించుకునేది. మొదట్లో నోరు మండేంత ఉప్పన. రోజులు గడిచేకొద్దీ ఆ ఉప్పదనం తగ్గుతూ వచ్చింది. తగ్గిన ప్రతి రోజూ ఆమె ఇంకొంచెం దిగులుపడింది, పని బాగా సాగుతున్నందుకు. వానలు మొదలయ్యాక ఆ పని వానలే అందుకున్నాయి. ఒక పొద్దున వేలు నాలుకకు పెట్టుకుంటే ఉత్త నీళ్ళు.

ఆ రోజు ఆమె పనిలోకి రాలేదు. జ్వరమని ఓదెలు చెప్పాడు.

జీలుగ చల్లింది. ముందు అంచుల్లో మొలిచి, తరవాత నడుమన కూడా పలచగా లేచింది. నడుముదాకా ఎదిగాక కోసి, చిన్న ముక్కలు చేసి, తొళ్ళికతో పైమట్టిలోనే కలిపింది. అది మురిగాక నల్లమట్టి, మాగిన పెంట పరిచి గరిక తుంపులు నాటింది. ఈసారి తుంపులు పసుపుపచ్చబడలేదు. వేళ్ళు చాపుకుని ఒకదాన్నొకటి అందుకున్నాయి. బతుకమ్మ పాటలు రహమత్ నగర్ వైపు నుంచి వినబడే రోజులకు అంచులు కలిసిపోయాయి. దసరా నాటికి ఆ మూలకూ మిగతా దొడ్డికీ తేడా లేదు.

శకుంతలమ్మ ఆ గడ్డి మీద చెప్పుల్లేకుండా నడిచి, "నా తల్లే, సాధించావే!" అని బాలమణిని దగ్గరికి తీసుకుంది. పండక్కి కొత్త చీర పెట్టింది. బాలమణి ఆ చీర కట్టుకుంది కూడా. కట్టకపోతే ఎందుకు కట్టలేదని అడుగుతారు కదా.

మరుసటి ఎండాకాలం, ఆ రోజు రానే వచ్చింది. బాలమణి గ్లాసులో పాలు తీసుకుని వెనక మూలకు వెళ్ళింది. అంతా ఒక్కటే పచ్చ. తెల్లపొడి ఎక్కడా పేరలేదు. కాలువ మొనను పట్టుకుని లెక్కవేద్దామంటే గోడ పొడుగునా శకుంతలమ్మ వేయించిన కనకాంబరాలు అడ్డొచ్చాయి. ఇటు రెండడుగులు వేసింది, అటు ఒకడుగు వేసింది. కళ్ళు మూసుకుని చూసింది. ఒకప్పుడు కళ్ళు మూసుకున్నా తెలిసిన చోటు. సుమారుగా తెలుసు ఆమెకు. కానీ సుమారుగా తెలియడం తల్లికి ఏం సరిపోతుంది? ఎక్కడ పోస్తే పిల్లకు అందుతాయో తెలియక గ్లాసు పట్టుకుని ఎండలో నిలబడిపోయింది. చివరికి ఆ మూలంతా తిరుగుతూ చుక్కచుక్కగా చిలకరించి వచ్చింది.

ఆ సాయంత్రమే వేంకటరమణ గారు మద్రాసు నుంచి దిగాడు. వెంట ఇద్దరు సినిమావాళ్ళు. వెనక మూల గోడ నీడ బాగుందని కుర్చీలు అక్కడే వేయించారు. టీలు తాగారు, ఏదో కథ గురించి వాదించుకున్నారు. కప్పులు తీసుకుపోవడానికి బాలమణి పళ్ళెం పట్టుకుని లాన్ అంచుకు వచ్చింది.

శకుంతలమ్మ అతిథులకు తన గడ్డి సంగతి చెబుతోంది. "మీరు నమ్మరు, ఇక్కడ ఒక్క పరక మొలిచేది కాదు. ఇదిగో, ఇదే చేసింది అంతా. ఏవే బాలమణీ, ఆ బట్టతల సరిగ్గా ఎక్కడుండేది? నా కుర్చీ కిందా, ఆయన కాళ్ళు పెట్టుకున్న చోటా?"

బాలమణి శకుంతలమ్మ కుర్చీ కాళ్ళ వైపు చూసింది. అయ్యగారి పాదాల వైపు చూసింది. ఇద్దరి మధ్య, గడ్డి మీద ఆరిపోయిన సిగరెట్టు ముక్క వైపు చూసింది. ఆ చోటు గురించి ఆమె ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ ఆడినవన్నీ అబద్ధాలే.

"ఎర్కలేదమ్మా" అంది. "గీడనో, గాడనో. ఎర్కలేదు."

ఈ ఒక్కటీ నిజం.

కప్పులు తీయాలంటే గడ్డి మీద నడవాలి. కాలు ఎత్తి, ఎక్కడ వేయాలో తెలియక ఆగింది. ఒకరి ఒంటికి మన కాలు తగిలితే ఏం చేస్తాం, వంగి తాకి కళ్ళకద్దుకుంటాం. పెద్దవాళ్ళు పిల్లలకు అలా చేయరు, నిజమే. బాలమణి పళ్ళెం కింద పెట్టి, వంగి గడ్డిని తాకి, చెయ్యి కళ్ళకద్దుకుంది. అప్పుడు అడుగు వేసింది.

"చూశారా, పనంటే ఎంత భక్తో" అన్నాడు అతిథుల్లో ఒకాయన.

బాలమణి సిగరెట్టు ముక్క ఏరి కొంగున ముడేసుకుంది. కప్పులు పళ్ళెంలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.